మిర్చి కల్లం మీద ఫోటోల జాతర

భద్రాచలం వెళ్లి వచ్చానని తెలియగానే మా వీధిలో వాళ్లు ప్రసాదం అడిగారు. గుడికి పోలేదంటే ఎవరూ నమ్మలేదు. "అంత దూరం పోయి రాముణ్ని చూడకుండా వచ్చినావా? నీకేమన్నా తిక్కనా?" అంది ఎదురింటి లక్ష్మీదేవమ్మ. పోకూడదని కాదు. మూడో రోజు పొద్దున పోదామని మనసులో అనుకున్నాను కూడా. ఆ పొద్దున నేనొక బోరింగు దగ్గర కూర్చుని ఉన్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

మాది కదిరి. నేనూ మా ఆయనా చాలా ఏళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాం. పెళ్లిళ్లు ఆయన చూసుకుంటాడు, ఆల్బమ్ పని నాది. అందరి చేతుల్లో ఫోన్లు వచ్చాక పని సగమైంది గానీ ఫోటోలంటే నాకున్న ఇష్టం మాత్రం తగ్గలేదు. భద్రాచలం అవతల ఒక అడవి పల్లెలో ఫోటోల పండుగ జరుగుతుందని, కొత్తగా ఫోటోలు తీస్తున్న పిల్లలవి పెడతారని, ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో రాశారు. చూడ్డానికి ఎవరైనా రావచ్చట. "పోయి రా" అన్నాడు మా ఆయన. బయల్దేరాను.

ఖమ్మం

స్టేషన్ బయట నా కోసం మాధవరావు సారు నిలబడి ఉన్నారు. ఆయన బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. ఈ పండుగను నాలుగైదుగురు స్నేహితులతో కలిసి ఆయనే నడుపుతున్నారు. తెల్లటి జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఫోన్లో గంభీరంగా వినిపించిన మనిషి ఎదురుగా చూస్తే చిన్నపిల్లాడిలా హడావిడిగా ఉన్నారు.

"ముందు టిఫిన్ చేద్దాం మేడం. కడుపు నిండితే ముచ్చట మంచిగుంటది" అని ఒక బండి దగ్గరికి తీసుకెళ్లారు.

అలవాటు చొప్పున ఉగ్గాని బజ్జీ ఉందా అని అడిగాను. బండావిడ "గదేంది?" అంది. బొరుగులు నానబెట్టి చేస్తామని చెప్తే, "మరమరాలు నానవెడతరా? మెత్తగ కావా?" అని జాలిగా చూసింది. ఆమె పెట్టిన దోసె మీద నెయ్యి, ఎర్ర కారం, పక్కన పల్లీ చట్నీ. నలభై రూపాయలు. ఆ కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను రాయలసీమదాన్నని గొప్పగా చెప్పుకున్న కాసేపటికే ఇలా అయింది. మాధవరావు సారు మర్యాదగా అటువైపు తిరిగారు.

పల్లెలో ఎందుకు పెడుతున్నారని అడిగాను. ఊళ్లో హాలు దొరకలేదేమోనని నా అనుమానం.

"మా దిక్కు పిలగాండ్లు తీసిన ఫోటోలు హైదరాబాద్ గోడలకు ఎక్కినయ్. ఇక్కడి గోడలకు ఎక్కలే" అన్నారాయన. "ఫోటోల ఉన్నోళ్లు ఆ ఫోటోను చూడకపోతే ఎట్ల? అందుకే తీసిన జాగల్నే పెడదామన్న. మా వాళ్లు ఆగం చేస్తున్నవ్ సారూ అన్నరు. చూద్దాం."

వైరా దాటాక

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. వైరా దగ్గర చెరువు, చెరువంటే చెరువు కాదు, కంటికి ఆనినంత మేర నీళ్లు. మార్చి నెలలో అన్ని నీళ్లు చూడటం నాకు కొత్త. మా వైపు ఆ నెలకి చెరువులో క్రికెట్ ఆడుకుంటారు.

కొత్తగూడెం దాటి పాల్వంచ మీదుగా పోతుంటే రెండు పక్కలా అడవి దగ్గరికి వచ్చింది. ఆకులన్నీ రాలిపోయి మోదుగ చెట్లు పూలతోనే నిలబడి ఉన్నాయి. పక్క సీట్లో ఒక పెద్దావిడ సంచి నిండా చింతపండు పెట్టుకుని కూర్చుంది. ఏ ఊరని అడిగింది. కదిరి అంటే తెలియలేదు. అనంతపురం అవతల అంటే, "గాడ వానల్ పడవంట గద?" అంది. మా ప్రాంతానికి ఇంత దూరంలో కూడా ఆ పేరే ఉందన్నమాట. "ఏడాదికి నాలుగు వానలు పడితే అదే పండగమ్మా" అన్నాను. "అయ్యో" అని సంచిలోంచి చింతపండు ఉండ తీసి నా చేతిలో పెట్టింది, దానికీ దీనికీ సంబంధం ఉన్నట్టు.

భద్రాచలం

వంతెన మీదికి వచ్చేసరికి సాయంత్రమైంది. గోదావరి ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతోంది. బస్సులో చాలామంది నదికి దండం పెట్టారు, నేనూ పెట్టాను.

మాధవరావు సారు నన్ను బస్టాండు వెనక ఒక జిరాక్సు, లామినేషన్ దుకాణానికి తీసుకెళ్లారు. అక్కడ పనిచేసే అమ్మాయి పేరు సుజాత. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. ఫోటోలు పెడుతున్న ఐదుగురిలో తను ఒకతె. పండుగ జరిగే ఊరు తనదే. కోయ కుటుంబం. తల్లి మిర్చి కోతలకు పోతుంది. సుజాత తీసిన ఫోటోలు కూడా ఆ కోతలవే.

ఒక చేత్తో ఎవరిదో కులం సర్టిఫికెట్ లామినేషన్ చేస్తూనే నాతో మాట్లాడింది. "రేపు, ఎల్లుండి సెలవు అడిగిన మేడం. మా ఓనర్ ఇచ్చిండు గానీ మొఖం మాడ్చిండు." మిషన్లోంచి వచ్చిన కార్డును బట్టతో తుడిచి నాకు ఇప్పపువ్వు లడ్డు పెట్టింది. బెల్లంతో చేసింది. నమిలిన కొద్దీ ఎండుద్రాక్ష లాంటి తీపి, చివర్లో కాస్త పొగ వాసన. ఇప్పపువ్వంటే సారా ఒక్కటే అనుకునేదాన్ని.

మాటల్లో అసలు సంగతి తెలిసింది. హైదరాబాద్ నుంచి ఇద్దరు న్యాయనిర్ణేతలు వస్తున్నారు. ఐదుగురిలో ఒకరిని ఎన్నుకుంటారు. ఆ ఒకరికి కెమెరా ఇస్తారు. ఏడాది పాటు ఒక పెద్ద ఫోటోగ్రాఫర్ దగ్గర నేర్చుకునే వీలు, ఆ తర్వాత హైదరాబాద్‌లో సొంత ప్రదర్శన. సుజాత ఇప్పుడు వాడుతున్నది మాధవరావు సారు పాత కెమెరా.

"వస్తదనుకుంటున్నవా?" అని అడిగారు సారు నవ్వుతూ.

"రావాలె సార్" అంది సుజాత. నవ్వలేదు. "రాకపోతే నేను గీ మిషన్ దగ్గర్నే ముసలిదాన్నైత."

కల్లాల మధ్య

మర్నాడు పొద్దున షేర్ ఆటోలో బయల్దేరాం. దుమ్ముగూడెం దారిలో రోడ్డుకి రెండు వైపులా ఎరుపే. ఎక్కడ చూసినా కల్లాలు, కల్లాల నిండా ఎండుతున్న మిరపకాయలు. మా వైపు వేరుసెనగ ఇలాగే ఎండబోస్తాం. కానీ వేరుసెనగకు ఈ రంగు ఎక్కడిది!

సుజాత వాళ్ల ఊళ్లో దిగాం. బడి రెండు గదుల్లో ముగ్గురి ఫోటోలు ఫ్రేములు కట్టి పెట్టారు. వాటిలో వైరా నుంచి వచ్చిన ఫయాజ్ అనే అబ్బాయివి నన్ను చాలాసేపు నిలబెట్టాయి. చెరువులో తెల్లవారుజామున వల విసిరే జాలర్లు. వల గాల్లో విచ్చుకున్న క్షణం. నీళ్లు, మనిషి, వల తప్ప ఇంకేమీ లేవు. ఫయాజ్ తన ఫోటోల పక్కన నిలబడకుండా బయట కుర్చీలు మోస్తున్నాడు.

మిగిలిన ఇద్దరివి బడి పక్క మైదానంలో, గుంజలు పాతి తీగలు కట్టి వేలాడదీశారు. పెద్ద పెద్ద ఫ్లెక్సీలు. ఒక్కొక్కటి రెండు మంచాలంత ఉంటుంది. ఒక వరుస సుజాతది, ఇంకో వరుస కిరణ్‌ది.

కిరణ్‌ది తిరుమలాయపాలెం దగ్గర ఒక తండా. ఖమ్మంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. తండాలో పాత దుస్తులు ఇంకా కట్టే ముసలమ్మల ఫోటోలు తీశాడు. అద్దాల రవికెలు, చేతి నిండా తెల్ల గాజులు, చెంపల పక్కన వేలాడే వెండి. అన్నిటికంటే పెద్దది వాళ్ల నాయనమ్మది. కెమెరాకేసి కాదు, కెమెరా పట్టుకున్న మనవడికేసి చూస్తోంది. ఆ తేడా ఫోటోలు తీసేవాళ్లకి తెలుస్తుంది.

"ఫోటో తీసినంక నెల రోజులకే పోయింది మేడం" అన్నాడు కిరణ్. "గింత పెద్దగ కొట్టిచ్చుడు ఇదే మొదటిసారి. పొద్దున కట్టినప్పుడు కింద నిలబడి చూస్తె చిన్నప్పుడు చూసినట్టే అనిపిచ్చింది. గప్పుడు నేను గింతే ఉంటి కదా, ఆమె గంత పెద్దగ కనపడేది." చెయ్యి మోకాలి దగ్గర పెట్టి చూపించాడు.

పదింటికి కోత కూలీలు వచ్చారు. పని మధ్యలో చూసి పోదామని వచ్చినవాళ్లు. తమను తాము ఫ్లెక్సీల మీద చూసుకుని కోయ భాషలో ఏవేవో అనుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నవ్వు మాత్రం అర్థమైంది. సుజాత తల్లి తన ఫోటో ముందు ఎక్కువసేపు నిలబడలేదు. కొంగు సర్దుకుని, కూతురితో ఏదో అని, చకచకా వెళ్లిపోయింది. ఏమన్నారని అడిగాను.

"నా చీర చినిగింది కనబడుతున్నది, మంచి చీర ఉన్ననాడు తియ్యొద్దా అంటున్నది మేడం."

మైదానం పక్కనే ఉన్న కల్లం రాజమ్మది. కౌలుకు తీసుకుని మిర్చి వేసింది. సుజాత ఫోటోలు తీసిందీ ఈమె చేలోనే. భర్త కాయ మీద కప్పే పరదాలు తేవడానికి భద్రాచలం పోయాడు, ఉన్నవి రెండూ చినిగిపోయాయట. మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే నాకు భోజనం. గోదావరి చేపల పులుసు, అన్నం, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. పులుసులో చింతపండు కంటే మామిడికాయ ఎక్కువ పడింది. ఎంత ఇవ్వమంటావని అడిగితే, "హోటల్ అనుకుంటివా?" అని కసిరింది.

భోజనాలయ్యాక మాధవరావు సారు, కిరణ్ కారులో భద్రాచలం బయల్దేరారు. న్యాయనిర్ణేతలను తీసుకురావాలి. పోతూ పోతూ కిరణ్ వాళ్ల నాయనమ్మ ఫ్లెక్సీ తాళ్లు ఇంకోసారి బిగించి పోయాడు.

మబ్బు

రాజమ్మ కల్లం గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాం. చల్లగాలి ఒకటి వచ్చి మొహానికి తగిలింది. చూస్తే గోదావరి వైపు ఆకాశం నల్లగా ఉంది. ఎండలో పొద్దంతా మాడిన ప్రాణం కదా, పండగొచ్చినట్టు అనిపించింది.

"భలే మబ్బు పట్టింది! వానొస్తాది చూడు" అన్నాను.

రాజమ్మ నా మొహం కేసి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "గట్ల అనకమ్మా, నీకు దండం పెడత" అని లేచి పరుగెత్తింది.

వాన రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా ఊళ్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు. వస్తే ఏమవుతుందో ఆ గంటలో చూశాను. ఆరబోసిన కాయ తడిస్తే తెల్లబడుతుంది, బూజు పడుతుంది. దాన్ని తాలు అంటారు, అడిగేవాడుండడు. ఏడాది మొత్తం ఆ కల్లంలో పరిచి ఉంది. పరదాలు తెచ్చే మనిషి ఇంకా రాలేదు.

చేలోంచి కూలీలందరూ పరుగెత్తుకొచ్చారు. పరిచిన కాయలను ముందు కుప్పలు చేయాలి. చీపుర్లతో, చేటలతో, చేతులతో తోస్తున్నారు. నేనూ, ఫయాజ్, మిగతా ఇద్దరు పిల్లలూ దిగాం. ఘాటుకి ఊపిరాడదు. కళ్లు తుడుచుకుంటే ఇంకా మంట. నాలుగు కుప్పలయ్యాయి. రాజమ్మ ఇంట్లోంచి రెండు పాత పరదాలు తెచ్చి పరిచింది. రెండు కుప్పలే సగం సగం కప్పబడ్డాయి. పెద్ద చినుకులు పడటం మొదలైంది.

రాజమ్మ మిగతా రెండు కుప్పల మధ్య నిలబడిపోయింది. రెండు చేతులూ తల మీద పెట్టుకుని అలా నిలబడింది.

అప్పుడు సుజాత మైదానం వైపు పరుగెత్తడం చూశాను. తన ఫోటోలు తీసి బడిలో పెట్టుకోవడానికి పోతోందనుకున్నాను. న్యాయమే కదా. కొడవలితో తాళ్లు తెంపి, తల్లి బొమ్మ ఉన్న ఫ్లెక్సీని లాక్కుంటూ కల్లంలోకి తెచ్చింది. "పట్టుండ్రి, జల్దీ!" అని అరిచింది. తనవి ఒకటొకటే తెచ్చి కుప్ప మీద వేసింది. మూడో కుప్ప మొత్తం కప్పేశాం. నాలుగోదానికి చాలలేదు.

గాలి ఎక్కువైంది. సుజాత ఫోన్ తీసి ఎవరికో చేసింది, చెవి దగ్గర పెట్టుకుని నిలబడింది, మళ్లీ చేసింది. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి కిరణ్ వరుస వైపు పోయింది. కుప్పంతా కప్పేంత పెద్దది ఆ నాయనమ్మది ఒక్కటే. ఒక్క నిమిషం ఆ ముసలమ్మ కింద నిలబడి పైకి చూసింది. తాళ్లు తెంపింది.

నాలుగు మూలలా నలుగురం పట్టుకున్నాం. నేను పట్టుకున్న మూల చేతులు తెగుతాయేమో అన్నంత లాగింది గాలి. అంచుల మీద రాళ్లు పెట్టాం. నడుమ ఎగిరిపోతుంటే సుజాత ఇంకో రాయి తెచ్చి నడిమధ్యలో పెట్టింది. అది ఆ పెద్దావిడ నుదుటి మీద పడింది. వేరే చోటు లేదు.

అంతమంది ఫోటోలు తీసేవాళ్లం ఉండి, ఆ గంటలో ఒక్కరం కూడా ఒక్క ఫోటో తీయలేదు. ఆ సంగతి నాకు కదిరి వచ్చాక గాని తట్టలేదు.

కిరణ్ వచ్చాడు

వాన తగ్గి సన్నగా తుంపర పడుతున్నప్పుడు ఎవరిదో బైకు వెనక కిరణ్ వచ్చాడు. నిలువునా తడిసిపోయాడు. భద్రాచలంలో మబ్బు చూడగానే, సారును న్యాయనిర్ణేతల దగ్గర వదిలి, ఫ్లెక్సీ ఎగిరిపోతుందని పరుగున వచ్చాడట. దిగగానే మైదానం చూశాడు. నాయనమ్మ ఉన్న చోట ఖాళీ తీగలు. మా మొహాలు చూశాడు. తర్వాత కల్లం చూశాడు.

నెమ్మదిగా నడిచి వచ్చి కుప్ప ముందు నిలబడ్డాడు.

"మా నాయినమ్మ మొఖం మీద రాయి పెట్టిన్రా?"

సుజాతే ముందుకొచ్చింది.

"నేనే పెట్టిన అన్నా. నడుమ లేస్తుంటే పెట్టిన."

"నన్నడగాలె గద."

"ఫోన్ చేసిన. కలవలే."

"కలవకపోతే? నీయి నువ్వు తీసుకున్నవ్, అవి నీ ఇష్టం. గిది నాది గద సుజాతా. ఆమె లేదు. నాకు ఉన్నది గిదొక్కటే, గింత పెద్దది." గొంతు పెద్దది చేయలేదతను. చేసి ఉంటే వినడం సులువయ్యేది.

"అవ్ అన్నా. తప్పే" అంది సుజాత.

రాజమ్మ అడ్డం వచ్చింది. "తిట్టేదుంటే నన్ను తిట్టు బిడ్డా. కాయ నాది. నా కోసమే చేసింది పిల్ల."

కిరణ్ ఫ్లెక్సీ కేసే చూస్తూ, "కనీసం బోర్లేస్తే ఏమైతుండె? రాళ్లు వెనక దిక్కు పడుతుండె. మొఖం ఆగమయ్యేది కాదు" అన్నాడు.

సుజాత వెంటనే అంది: "బోర్లేస్తే మొఖం మిర్చిల ఉంటది గదన్నా. ముసలామెకు కండ్లు మండుతయని..."

మధ్యలో ఆగిపోయింది. తను అన్న మాట తనకే వినిపించినట్టుంది. ఫ్లెక్సీ మీది కళ్లు. మండటమేమిటి? కానీ ఆ పరుగులో, ఆ గాలిలో ఆ పిల్ల నిజంగా అలాగే అనుకుంది. ఆమె మొహంలో ఆ నిజం కనిపిస్తోంది.

కిరణ్ కుప్ప పక్కన గొంతుకూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. దగ్గరికి పోతే నవ్వుతున్నాడు. ఇంకాస్త దగ్గరికి పోతే రెండూ.

"మా నాయినమ్మ కండ్లు మండుతయా" అన్నాడు మొహం తుడుచుకుంటూ. "ఆమె పచ్చి మిరపకాయ కొరుక్కుంటనే అన్నం తినేది."

లేచి, నుదుటి మీది రాయిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు. గాలికి నడుమ మళ్లీ లేచింది. రాయి ఉన్న చోట అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. తుంపర పూర్తిగా ఆగేదాకా కదల్లేదు. కాసేపటికి సుజాత అవతలి పక్కన కూర్చుని రెండో చెయ్యి వేసింది. కిరణ్ వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

రాజమ్మ భర్త కొత్త పరదాలతో వచ్చేసరికి మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. ఆయన వాటిని మోసుకుని నిలబడి, కుప్పల మీది మనుషుల బొమ్మలను చూసి, "గీళ్లంత ఎవరే?" అన్నాడు. అప్పుడు అందరం నవ్వాం.

ఆ సాయంత్రమంతా నా చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. రాజమ్మ పెరుగు రాసింది. "ఎట్లున్నదమ్మా మా వాన?" అంది. మొదటిసారి ఆమె నవ్వడం చూశాను.

బోరింగు దగ్గర

మూడో రోజు పొద్దున గుడికి పోదామని రాజమ్మ ఇంట్లోనే తల స్నానం చేసి బయటికొచ్చాను. బోరింగు దగ్గర రాజమ్మ, సుజాత, కిరణ్ ఫ్లెక్సీలు కడుగుతున్నారు. నేనూ కూర్చున్నాను.

సుజాతవన్నీ నలిగిపోయాయి. రెండింటికి తాళ్లు కట్టే కన్నాల దగ్గర చిరుగు. నాయనమ్మది ఆఖరున తీశారు. రాజమ్మ షాంపూ ప్యాకెట్టు చింపి, మెత్తటి గుడ్డ తడిపి, ఇంట్లో ముసలివాళ్ల మొహం తుడిచినట్టు చెంపలు, ముక్కు, గడ్డం తుడిచింది. కిరణ్ బోరింగు కొడుతున్నాడు. నుదుటి మీద రాయి గీరిన చోట రంగు లేచిపోయి తెల్లటి గీత పడింది. గుడ్డతో అక్కడికి వచ్చేసరికి రాజమ్మ చెయ్యి ఆగింది.

"పోదది" అంది మెల్లగా.

"పోకుంటే మానె" అన్నాడు కిరణ్.

"మా షాపోళ్లతోని చెప్పి కొత్తది కొట్టిస్త అన్నా" అంది సుజాత.

"కొట్టియ్యి. గానీ గిది మాత్రం నేను పారెయ్య."

వాన వల్ల రాత్రి భద్రాచలంలోనే ఆగిన న్యాయనిర్ణేతలను ఎనిమిదింటికి మాధవరావు సారు తీసుకుని వచ్చారు. ఒకావిడ, ఒకాయన. జరిగింది విన్నారు. తడి ఆరని, ముడతలు పడ్డ ఫ్లెక్సీలను అలాగే తీగల మీద చూశారు. మళ్లీ లాప్‌టాప్‌లో అసలు ఫోటోలు చూశారు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడారు. పనిమీద ప్రేమ ఉన్న మనుషులు, తొందరపడలేదు.

ఆవిడ సుజాతతో అన్నది నా చెవిన పడింది. "నువ్వన్నీ దూరం నుంచే తీశావు. మీ అమ్మను కూడా. ఎందుకమ్మా?"

"దగ్గరికి పోతే పని ఆపి నా దిక్కు చూస్తది మేడం. కోత ఆగుతది."

"ఆగనీ. ఒక్కసారి ఆగనిచ్చి చూడు."

సుజాత ఆ మాట లోపల దాచుకున్నట్టు తల ఊపింది.

మధ్యాహ్నానికి ఫయాజ్ పేరు చెప్పారు. చప్పట్లు కొట్టాం. ఫయాజ్ చప్పట్లు అందుకోలేక తల వంచుకున్నాడు. నిన్న ఆ అబ్బాయి ఫ్రేములు గదిలో భద్రంగా ఉన్నాయి, అతను వానలో కుప్పలు తోశాడు. నా కళ్లు సుజాతను వెతికాయి. చెట్టు కింద ఒక్కతే ఉంటే పక్కన కూర్చున్నాను.

"బాధగా ఉందా పాపా?"

"ఉన్నది మేడం. లేదంటే అబద్ధం." మళ్లీ తనే అంది: "ఫయాజ్ అన్న ఫోటోలు మంచిగున్నయి. నాకంటె మంచిగున్నయి. నాకిస్తే, మిర్చి కాపాడిన పిల్ల అని ఇచ్చిన్రేమో అని బతుకంత అనుమానం ఉండేది. ఫోటోలు చూసే ఇయ్యలే. గదైతే న్యాయమే."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"రేపు షాపుకు పోత. ఐతారం సెలవే, అమ్మ దగ్గరికి పోత, దగ్గర్నుంచి తీసుడు చూస్త." మాధవరావు సారు కెమెరా ఇంకా ఆమె మెడలోనే ఉంది. ఆయన వెనక్కి అడగలేదు.

నేను ఇల్లు చేరిన వారానికి ఫోన్ చేసింది. రాజమ్మ కాయ అంచుల్లో కొంత తాలు పోయినా మిగతాది ఎర్రగానే నిలిచి ఖమ్మం మార్కెట్టుకి చేరిందట. పక్క కల్లం వాళ్లది చాలావరకు తడిసిపోయిందని చెప్తూ గొంతు తగ్గించింది. "వాళ్లకు గూడ పరిచేతందుకు మా దగ్గర ఏం లేకుండె మేడం" అంది. ఆ తర్వాత ఒక ఫోటో పంపింది. వాళ్ల అమ్మ. మొహం నిండా చెమట, కళ్లు సూటిగా కూతురి కేసి. చేతిలో కాయలు అలాగే ఉన్నాయి. పని ఆగింది.

తిరుగు బస్సు

ఆ మూడో రోజు సాయంత్రమే భద్రాచలంలో ఖమ్మం బస్సెక్కాం నేనూ కిరణ్. గుడి దూరం నుంచే కనిపించింది. బస్సు కదిలిపోతోంది, కూర్చున్న చోటునుంచే దండం పెట్టుకున్నాను. నేను కిటికీ పక్కన, కిరణ్ నా పక్కన. నాయనమ్మ ఫ్లెక్సీ చుట్ట పై అరలో పట్టలేదు. మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, దారిలో నిలబడిన వాళ్లకు తగలకుండా పట్టుకున్నాడు.

సారపాక దాటేసరికి ముందు సీటాయన తుమ్మాడు. తర్వాత వాళ్లావిడ. తర్వాత వెనక సీటు, ఆ వెనక సీటు. ఎంత కడిగినా మడతల్లో మిర్చి దుమ్ము మిగిలే ఉంది, బస్సు కుదుపుకి రాలుతోంది. "ఏం తెచ్చినవయ్యా సంచుల? బస్సంత కారమైంది!" అని కేకలు. కిరణ్ చెమటలు కక్కుతూ సారీ చెప్తున్నాడు, మధ్యలో తనూ తుమ్ముతున్నాడు.

కండక్టరమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "మిర్చి బస్తా ఏసుకుంటివా? లగేజీ కొట్టాలె."

"మిర్చి కాదక్కా. మా నాయినమ్మ" అన్నాడు కిరణ్.

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి అతనికి వేరే దారి లేకపోయింది. లేచి నిలబడి, ఒక అంచు నా చేతికిచ్చి, ఇంకో అంచు తను పట్టుకుని చుట్ట విప్పాడు. అంత పెద్ద మొహం సీట్ల మీదుగా విచ్చుకుంది. అద్దాలు, వెండి, నుదుటి మీద తెల్ల గీత, మనవడి మీద నిలిచిన ఆ చూపు. తుమ్ములు ఆగలేదు గానీ కేకలు ఆగాయి. నిలబడ్డవాళ్లు తలలు వంచి, వెనకవాళ్లు లేచి చూశారు. వెనక సీటు నుంచి ఒక పెద్దావిడ లంబాడీలో ఏదో అడిగింది. కిరణ్ జవాబిచ్చాడు. ఆమె పైకి లేచి, తూలుతూ వచ్చి, ఫ్లెక్సీ మీది చెవి పక్కన వెండిని వేలితో తాకి, మళ్లీ వెళ్లి కూర్చుంది.

కండక్టరమ్మ టికెట్ మిషన్ పట్టుకుని చాలాసేపు చూసింది.

"ముసలమ్మకు టికెట్ తీస్కున్నవా మరి?" అంది చివరికి.

కిరణ్ "ఆడోళ్లకు ఫ్రీ గదక్కా" అన్నాడు.

బస్సంతా నవ్వు. ఆ ఫ్రీ తెలంగాణ ఆడవాళ్లకే, నాది ఆంధ్రా ఆధార్ కార్డు కాబట్టి నేను టికెట్ కొన్నాను, నేనూ నవ్వాను. కండక్టరమ్మ నవ్వలేదు. ముందుకు నడుస్తూ వెనక్కి తిరిగి అంది: "ఫ్రీయే. గానీ గట్ల మడిచి ఒళ్లె పెట్టుకుంటే ఎట్ల? కిటికీ దిక్కు కూసోవెట్టు. గాలి తగల్నీ."

నేను లేచి కిటికీ పక్క సీటు ఖాళీ చేశాను.